ఫొటోలో పడని శ్రోతలు

ప్రతినెలా రెండో శనివారం మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో, ఒక మేడ మీది హాల్లో, సాంబమూర్తి మైకును బతిమాలుతూ కనిపించేవాడు. చరిత్ర లెక్చరర్‌గా రిటైరైన మనిషి. సొంతూరు తెనాలి దగ్గర, సరూర్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని పాతికేళ్ళు దాటింది. పింఛను వస్తోంది, షుగరు అదుపులో ఉంది, హాయిగా టీవీ ముందు కూర్చోవచ్చు. కూర్చుంటేగా! ఈ పేటలు ఎలా పుట్టాయో పదిమందికీ చెప్పాలని ఆయన తపన. దానికి ‘మన పేట ముచ్చట్లు’ అని పేరు కూడా పెట్టాడు.

ఆ హాల్లో ఎవరి గురించి మాట్లాడితే వాళ్ళు వచ్చేవారు. చనిపోయినవాళ్ళే సుమా, బతికున్నవాళ్ళు పిలిచినా రారు. చెరువుకట్టకు మట్టి మోసిన కూలీల గురించి చెప్పిన రోజు వాళ్ళంతా మెట్లెక్కి వచ్చి, వెనక వరసల్లో కూర్చుని, తమ సంగతి శ్రద్ధగా విని, మాట ముగియగానే లేచి వెళ్ళిపోయారు. కాలనీల కోసం పొలాలమ్ముకున్న రైతుల రోజున చోటు చాలక కొందరు గోడవారగా నిలబడ్డారు. అందుకని ముందు రెండు వరసలు మనవి, తక్కినవి వాళ్ళవి అని సాంబమూర్తి అట్టిపెట్టేవాడు. ఇంకెక్కడ మాట్లాడినా వాళ్ళు రారు, ఆ హాల్లోనే. ఆయన మాత్రం దాన్ని కిరాయి తక్కువని తీసుకున్నాడు.

తెలంగాణ ఉద్యమం ముదిరేకొద్దీ ముందు వరసలు పలచబడ్డాయి. ఆంధ్రాయన మా చరిత్ర మాకు చెప్పుడేందని కొందరు మానేశారు. ఉద్యమం వాళ్ళతో రాసుకుపూసుకు తిరుగుతున్నాడని ఆయన వైపు వాళ్ళు మరికొందరు మానేశారు. రెండు పక్షాలూ ఏకమైన సంగతి ఏదైనా ఉందంటే అది సాంబమూర్తిని వదిలేయడమే. హాలు ఓనరు ఇక కోచింగు సెంటరుకు ఇచ్చేస్తానంటున్నాడు.

మిగిలిన ఆశ ఒక ఢిల్లీ సంస్థ ఇచ్చే గ్రాంటు. చరిత్రను జనం దగ్గరికి తీసుకెళ్ళే సభలకూ ప్రదర్శనలకూ వాళ్ళు సొమ్ము ఇస్తారు. అది వస్తే హాలు నిలుస్తుంది, గోడల నిండా పాత ఫొటోలతో ప్రదర్శన పెట్టొచ్చు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు సాంబమూర్తి అప్పుడే వెళ్ళి ఫ్రేములు బేరమాడి వచ్చాడు. సంస్థ రెండు షరతులు పెట్టింది. ఈనాటి మనిషి కథ ఒకటి చెప్పాలి. సభకు యాభైమందైనా రావాలి, వచ్చినట్టు ఫొటో ఉండాలి. వెనక వరసలవాళ్ళు ఫొటోలో పడరు.

ఆయన ఇంటి వెనక వాటాలో అండాలమ్మ కిరాయికి ఉంటోంది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, భర్త పోయాక చీరలకు ఫాల్స్ కుడుతూ కొడుకు అభిలాష్‌ను డిగ్రీ దాకా తెచ్చింది. కిందటి చలికాలంలో ఆ పిల్లవాడు కాలేజీ దోస్తులతో ఊరేగింపుకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. అండాలమ్మ ఠాణాలు తిరిగింది, దవాఖానలు తిరిగింది. రోజూ సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో దిగేవాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడుతోంది. హాల్లో సభ ఒక్కటీ మానదు గానీ, అక్కడ కొడుకు పేరు ఎవరైనా ఎత్తబోతే గబుక్కున చెయ్యి అడ్డం పెట్టేది. పేరెత్తితే వస్తాడేమోనని, వస్తే ఇక లేనట్టేనని ఆమె భయం.

అలాంటి మనిషి ఒక పొద్దున తనే వచ్చి, మా పోరని ముచ్చట చెప్పు సారూ అంది. సాంబమూర్తి గాభరాపడ్డాడు. హాలు పోతే పోయింది, నీకీ పరీక్ష వద్దమ్మా అన్నాడు.

“హాలు కోసం గాదు సారూ. చౌరస్తల నిలవడి నిలవడి పానం యాష్టకొచ్చింది. నువ్వు చెప్పు. వాడు రాకుంటే బతికున్నట్టే గదా.”

ఆ ఆలోచన ఆమెకు ఎంతగా నచ్చిందంటే, కొడుకు క్షేమమని అప్పుడే కబురు అందినట్టు ముఖం తేటపడింది. ఆ ముఖం చూసి సాంబమూర్తి కాదనలేకపోయాడు. కాదని ఉండాల్సింది.

సభ నాటికి దసరా వెళ్ళింది, సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపో దాటడం లేదు. ముందు వరసల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే కూర్చున్నారు. సంస్థ తరఫున చూసి రాయడానికి వచ్చిన శ్రీరామమూర్తి ఆటోకు అడిగినంత ఇచ్చుకుని, చెమటలు కక్కుతూ మెట్లెక్కాడు. మంచి మనిషి. ఎలాగైనా గ్రాంటు ఇప్పించాలనే ఆయనకూ ఉంది. అండాలమ్మ ముందు వరసలో కూర్చుని, వెనక్కి తిరగనని, సారు ముఖమే చూస్తానని చెప్పింది.

సాంబమూర్తి మొదలుపెట్టాడు. పిల్లవాడు గోడల మీద బొగ్గుతో రైళ్ళు గీసి తన్నులు తిన్న సంగతి, ఇంటర్ తప్పినప్పుడు మేడ మీద దాక్కుంటే తానే టిఫినుకు తీసుకెళ్ళిన సంగతి చెప్పాడు. చెబుతుండగానే తలుపు దగ్గర అభిలాష్ కనిపించాడు. వెళ్ళిననాటి ఎర్ర చొక్కానే. లోపలికి వచ్చి, చివరి వరసలో కూర్చుని, తన గురించే చెబుతున్నారని కాస్త సిగ్గుపడుతూ వినసాగాడు. సాంబమూర్తి వాణ్ణి చూశాడు. అయినా గొంతు తొణకనివ్వలేదు, పెదవి మీది నవ్వు చెదరనివ్వలేదు.

గుక్కెడు నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు అండాలమ్మ అడిగింది.

“ఒచ్చిండా సారూ?”

“రాలేదమ్మా.”

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుని నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఉండగానే శ్రీరామమూర్తి కెమెరా పట్టుకుని ముందుకు వచ్చాడు. పాపం, ఆయనకేం తెలుసు?

“ఏమీ అనుకోకండి మాస్టారూ. ఆ చివర కూర్చున్న ఎర్ర చొక్కా అబ్బాయిని చూసి, పోనీలే కుర్రాళ్ళు కూడా వస్తున్నారని సంబరంగా లెక్కలో వేసుకున్నాను. ఫొటో తీస్తే ఉత్త కుర్చీయే పడింది. లెక్కలోంచి తీసేయక తప్పదండి.”

అండాలమ్మ వెనక్కి తిరిగింది. లేచి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుని, వాడి చొక్కా కాలరు సరిచేసి, మణికట్టు పట్టుకుంది.

“ఆపకు సారూ. నువ్వు ఆపితే వాడు పోతడు. ఇంక చెప్పు.”

సాంబమూర్తి చెప్పాడు. తెలిసినవన్నీ అయిపోతే మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. అవీ అయిపోయాక, జీవితంలో మొదటిసారి ఆధారం లేని చరిత్ర చెప్పాడు. అభిలాష్ బీఈడీ చేశాడని, మాస్టరుద్యోగం వచ్చిందని, బళ్ళో పిల్లలకు రైలు బొమ్మలు నేర్పుతున్నాడని, తల్లిని ఇక ఫాల్స్ కుట్టనివ్వడం లేదని. తల్లీ కొడుకూ పక్కపక్కనే కూర్చుని అదంతా విన్నారు. శ్రీరామమూర్తి కెమెరా సంచిలో పెట్టేసి తానూ విన్నాడు. వినడం వేరు, రాయడం వేరు. గ్రాంటు రాదని అక్కడున్న అందరికీ అర్థమైంది. గ్రాంటు లేకపోతే హాలు లేదు, హాలు లేకపోతే ఆ పిల్లవాడు మళ్ళీ వచ్చే చోటు లేదు.

పొద్దు వాలింది. టెంట్‌హౌస్ వాళ్ళు వచ్చి కుర్చీలు ఎత్తడం మొదలుపెట్టారు. చివరి వరస దాకా వచ్చాక అభిలాష్ తనే లేచి, తన కుర్చీ వాళ్ళకు అందించాడు. అండాలమ్మ కూడా లేచి నిలబడింది, పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. మైకు కూడా తీసుకుపోయారు. సాంబమూర్తి ఇంకా చెబుతూనే ఉన్నాడు. గొంతు బొంగురుపోయి, మాట గాలిలా వస్తోంది. ఆమె ఆయన వైపు తిరిగింది.

“సాలు సారూ,” అంది. “గొంతు పోయింది నీది. పోనియ్యి.”

ఆమె చెయ్యి వదిలింది, సాంబమూర్తి ఆగాడు.

సోమవారం నుంచి ఆ హాల్లో కోచింగు పిల్లలు కూర్చుంటున్నారు. అండాలమ్మ సాయంత్రాలు ఇంట్లోనే ఉంటోంది.