సాయంత్రపు జ్వరం

వార్డులో నాకు రెండు పేర్లు. ఎదురుగా పిలిచేది సిస్టర్ మగ్దలీనమ్మ. నేను వినపడనంత దూరం పోయాక పిలిచేది మిరపకాయ. రెండో పేరుకే నేను ఎక్కువ న్యాయం చేశాననుకుంటాను. అరవై రెండులో నాయుడుపేటకు ఇవతల ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు నాది.

ఆ ఉద్యోగంలో నాకు ప్రాణమైన పని గీతలు గీయడం. ప్రతి మంచానికీ కాళ్ళ వైపు ఒక అట్ట వేలాడేది, అట్టకు గళ్ళకాగితం. పొద్దునా సాయంత్రం నాలుక కింద థర్మామీటరు పెట్టి జ్వరం చూసి ఎర్ర సిరాతో ఒక చుక్క, నాడి చూసి నీలి సిరాతో ఒక చుక్క పెట్టాలి. వెనకటి చుక్కను కొత్త చుక్కతో స్కేలు పెట్టి కలపాలి. మనిషి అబద్ధం చెప్తాడు, మూలుగు కూడా చెప్తుంది, గీత మాత్రం చెప్పదని నా నమ్మకం. చలిజ్వరం గీత రంపం పళ్ళలా ఉంటుంది, దూరం నుంచే గుర్తుపట్టేదాన్ని. మామూలుగా ఎర్రగీత, నీలిగీత ఒకే కాడికి కట్టిన ఎడ్లు. ఒకటి గట్టెక్కితే రెండోదీ ఎక్కాల్సిందే.

కామాక్షయ్య పులికాట్ సరస్సులో చేపలు పట్టే మనిషి. యాభై ఏళ్ళుంటాయి. వానలో తడిసి నిమోనియా తెచ్చుకుంటే, ఎవరో బండివాడు మెట్ల మీద దించి తన దారిన తాను పోయాడు. పెన్సిలిన్ పడేసరికి రెండు గీతలూ బుద్ధిగా దిగాయి. "ఇంక ఇంటికి పోవచ్చు," అన్నాను. అన్న రోజు సాయంత్రమే ఎర్ర చుక్క చెంగున పైకెగిరింది. పొద్దున చూస్తే జ్వరం లేదు. సాయంత్రం మళ్ళీ వచ్చింది. వారం దాటినా ఇదే తంతు.

డాక్టర్ క్రీస్తురాజు గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "అంతు చిక్కడం లేదు సిస్టర్. క్షయేమోనని అనుమానంగా ఉంది. మద్రాసు పెద్దాసుపత్రికి పంపిద్దాం. చార్టు సాఫుగా ఇంకో కాపీ గీసిపెట్టండి."

కామాక్షయ్య ముఖంలో నెత్తురుచుక్క లేదు. "మద్రాసుకా సామీ? ఆడ నాకెవురు దెలుసు?" అన్నాడు. క్షయ అన్న మాట వినపడ్డట్టే లేదు.

మధ్యాహ్నం కాగితం తీసుకుని క్వార్టర్సులో నా గదికి పోయాను. ఆ గదిలో నాతో మాట్లాడే దిక్కు లేదు, అందుకని పని వెంట తీసుకుపోవడం నాకు అలవాటు. చుక్క తర్వాత చుక్క దించుకుంటూ పోతుంటే చెయ్యి ఆగింది. రోజుకో చుక్క పెట్టేటప్పుడు కనపడనిది, అంతా ఒక్కసారిగా గీసేసరికి కనపడింది. ఎర్రగీత ప్రతి సాయంత్రం గట్టెక్కుతోంది. నీలిగీత కిందే నిలబడి ఉంది. నూట మూడు జ్వరం ఉన్న మనిషికి నాడి హాయిగా నిద్రపోతున్నట్టు కొట్టుకుంటుందా? నాకు ఒళ్ళు మండిపోయింది. నా గీతతోనే అబద్ధం చెప్పించాడు!

ఆ సాయంత్రం, జ్వరం చూసేముందు టీ ఇచ్చే వేళకు చప్పుడు చెయ్యకుండా వెళ్ళి అతని మంచం వెనక నిలబడ్డాను. కామాక్షయ్య గ్లాసెత్తి పొగలు కక్కే టీ నోటినిండా పోసుకుని, మింగకుండా, బుగ్గలు ఉబ్బించి కూర్చున్నాడు. నేను ముందుకొచ్చాను.

"మింగు."

మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, టీ వేడికో మరి దేనికో.

"సిగ్గు లేదూ? బయట వరండాలో చాపల మీద నిజం జ్వరాలతో పడి ఉన్నారు. రాయిలాగుండి మంచం పట్టుకున్నావే!"

"తప్పే సిస్టరమ్మా. తప్పుగాదని నేనంటినా?" తల వంచుకునే చెప్పాడు. "నా పెండ్లాం పేరమ్మ పొయినాక ఇంట్లో నేనొకణ్ణే, పడవలో నేనొకణ్ణే. నన్ను తాకిన మనిషి లేడు. ఈడైతే నువ్వు రెండు పూట్లా వొచ్చి చెయ్యి బట్టుకుంటావు. అందుకని..."

"పట్టుకుని తిడతాను గదయ్యా!"

"తిట్టేదానికైనా ఒక మనిషుండాల గదమ్మా."

నా కోపం ఎటు పోయిందో నాకే తెలీదు. మంచం అంచున కూర్చుని అతని చెయ్యి తీసుకున్నాను. నాడి లెక్కపెట్టడం అయిపోయినా వదలబుద్ధి కాలేదు. టీ వేడి చల్లారాక జ్వరం చూశాను. ఏమీ లేదు. ఎర్ర చుక్కను ఉండాల్సిన చోట పెట్టి గీత కలిపాను. నేను గీసిన గీతల్లో అంత బాధగా దిగిన గీత ఇంకోటి లేదు. డాక్టరు గారితో మాత్రం తగ్గిపోయిందన్నాను, ఎట్లా తగ్గిందో చెప్పలేదు. ఆయన సంతోషంగా ఇంటికి పంపమని రాసేశారు.

మర్నాడు బస్సు దాకా నేనే వెంట వెళ్ళాను. వార్డంతా వింతగా చూసింది. చూడనీ!

"అప్పుడప్పుడు వస్తా ఉండు," అన్నాను.

"గేటుకాడ ఏం జబ్బని అడగతారు గదా. ఏం జెప్పేది?"

"సిస్టర్ మగ్దలీనమ్మను చూసేదానికి వచ్చినానని చెప్పు. నన్ను చూడ్డానికీ ఎవరూ రారు."

కామాక్షయ్య పెద్దగా నవ్వాడు. "భలేదానివే! పొద్దస్తమానం సిస్టరమ్మా, సిస్టరమ్మా అని అంతమంది నిన్ను పిలస్తా ఉంటే!"

"పిలిచేవాళ్ళంతా జ్వరం దిగంగానే పోతారు కామాక్షయ్యా."

అతని నవ్వు ఆగిపోయింది. కండక్టరు రెండుసార్లు కేకేస్తేగానీ బస్సెక్కలేదు.