కరస్పాండెంటుగారి పస్తు

ప్రేమ్‌చంద్ కంచం ముందుకు తోసి లేచాడంటే, ఆ ఇంట్లో భార్య నాగజ్యోతి ఏదో ఒకటి వదులుకోక తప్పదని లెక్క. కొట్టడు, తిట్టడు, గొంతు కూడా పెంచడు మహానుభావుడు. "నాకు ఆకలిగా లేదు" అంటాడు, అంతే. ఆ మాట తర్వాత ఇంట్లో ఆడవాళ్లెవరి గొంతులోకీ ముద్ద దిగకూడదు. ఆవిడ డీఎస్సీలో సెలెక్టయి పొదిలి దగ్గర గవర్నమెంటు టీచరు పోస్టింగు వచ్చినప్పుడు కూడా ఇలాగే కంచం తోశాడు. "మన స్కూలు పెట్టుకుని ఎవరి కిందో చాకిరీ ఏంటి?" అన్నాడు. మర్నాటికల్లా అత్తగారు పున్నమ్మ గుమ్మంలో కూలబడి, "నా కొడుకు ఎండిపోతున్నాడే, నీ ఉద్యోగం పాడుగాను" అని శోకాలు మొదలుపెట్టింది. నాగజ్యోతి పోస్టింగు సంగతి మర్చిపోయి, కంచం కడిగి, మళ్లీ వడ్డించింది.

అలా పర్చూరులో వాళ్ల సొంత ఇంగ్లీషు మీడియం స్కూలుకి ఆవిడ ప్రిన్సిపాల్, ఆయన కరస్పాండెంటు. పొద్దున ప్రేయరు దగ్గర మొదలుపెడితే టెన్తు క్లాసుకి ఫిజిక్సు చెప్పడం, ఎల్‌కేజీ పిల్లల ముక్కులు తుడవడం, ఫీజులు అడిగి మాటలు పడటం, ఆయా రాని రోజున బాత్రూములు కడగడం దాకా అన్నీ ఆవిడే. జీతం అన్న మాట ఒకసారి ఎత్తితే ఆయన పగలబడి నవ్వాడు. "నీకు నేను జీతం ఇవ్వడమేంటే, వింటే జనం నవ్విపోతారు. మన స్కూలే కదా" అన్నాడు. ఆయన మన అన్నప్పుడల్లా పని ఆవిడకి వచ్చింది, పేరు ఆయనకి వెళ్లింది. అలవాటు పడిపోయింది పాపం.

ఆ ఏడు, రెండువేల మూడు ఆగస్టులో, అంగారకుడు భూమికి ఎన్నడూ లేనంత దగ్గరగా వస్తున్నాడని పేపర్లన్నీ రాశాయి. చీరాల రోడ్డులో కొత్తగా వెలిసిన స్కూలు పిల్లల్ని లాక్కుపోతోందని కుమిలిపోతున్న ప్రేమ్‌చంద్‌కి బుర్రలో బల్బు వెలిగింది. "ఒక టెలిస్కోపు కొందాం. పాంప్లెట్‌లో ఫోటో వేద్దాం. పర్చూరు మొత్తం మీద మనకే ఉండాలి" అన్నాడు. ఆ మాట విన్న నాగజ్యోతికి ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఎందుకంటే ఆ అంగారకుడితో ఆవిడకి పాత తగువుంది. జాతకంలో కుజదోషం. అంగారకుడన్నా కుజుడన్నా వాడే. పెళ్లినాటి నుంచీ ఆ ఇంట్లో ఏ చెడు జరిగినా కుజుడి ఖాతాలోకే వెళ్లింది, అంటే ఈవిడ ఖాతాలోకే. మామగారు పోయినా, పత్తికి పురుగు పట్టినా, చివరికి స్కూలు వ్యాను గేరుబాక్సు విరిగినా, "దోషం పిల్లని తెచ్చుకున్నాం, అనుభవించాలి" అనేది పున్నమ్మ. నాగజ్యోతి బీఎస్సీ ఫిజిక్సు చదివి, టెలిస్కోపు బొమ్మ బోర్డు మీద గీసి పాఠం చెప్పడమే గానీ, ఒక్కసారి కన్నుపెట్టి చూసిన పాపాన పోలేదు. కాలేజీలో అది బీరువాలో ఉండేది, బీరువాకి తాళం ఉండేది. ఇన్నేళ్లూ తన నెత్తిన కూర్చున్నవాడి మొహం ఎలా ఉంటుందో తన కంటితో చూడాలి. ఎవరో చెబితే వినడం చాలు. లైబ్రరీలో దొరికినవన్నీ తెచ్చి చదివింది, ఏది కొనాలో తేల్చుకుంది.

ఆదివారం ఇద్దరూ గుంటూరు వెళ్లారు. స్కూళ్లకి ల్యాబు సామాన్లు అమ్మే ఖాజావలి రెండు టెలిస్కోపులు తెప్పించి మేడ మీద నిలబెట్టాడు. ఒకటి కటకాలతో పనిచేసేది. తెల్లగా, సన్నగా, సినిమాలో చూపించేలాంటిది, మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. డబ్బా మీద ఐదువందల రెట్లు పెద్దదిగా చూపిస్తుందని బంగారు రంగులో రాసి ఉంది. రెండోది నల్లగా, లావుగా ఉన్న గొట్టం. చెక్క పీట మీద కూర్చోబెట్టి ఉంది. దాని అడుగున అద్దం.

"అద్దం వెడల్పెంతండీ?" అని అడిగింది నాగజ్యోతి.

"ఆరంగుళాలు సార్" అన్నాడు ఖాజావలి, ప్రేమ్‌చంద్ వైపు చూస్తూ.

"మసకబారితే మళ్లీ పూత వేయించుకోవచ్చా?"

"వేయించుకోవచ్చు సార్."

పేరెంట్స్ మీటింగుల్లోనూ ఇంతే, ఈవిడ అడిగితే వాళ్లు ఆయనకి చెబుతారు. నాగజ్యోతి తెల్లదాని దగ్గరికెళ్లి కన్ను పెట్టింది. చేత్తో అలా ముట్టుకుందో లేదో, సన్నకాళ్లు వణికి లోపల కనిపిస్తున్న వాటర్ ట్యాంకు ఊగిపోయింది.

"ఇందులో అంగారకుడు నిలబడడండీ. ఆ అంకెలు చూసి మోసపోకూడదు. మనకి కావాల్సింది వెలుతురు. వానొచ్చినప్పుడు చూరు కింద చెంబు పెడితే ఎన్ని నీళ్లు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి? వెడల్పాటి అద్దం ఉన్నదే తీసుకుందాం" అంది.

"ఇదా? పొగాకు కాల్చే బేరన్లో గొట్టం ఊడబీక్కొచ్చినట్టుంది. దీన్ని ఫోటో తీస్తే ఎవడు చూస్తాడు?" అంటూనే ఆయన ఆ గొట్టం అడుగువైపుకి వెళ్లాడు. వంగి, మూసేసి ఉన్న చోట కన్ను ఆనించాడు. అద్దం టెలిస్కోపులో చూడాల్సింది పైన, పక్కనుంచి. ఆ సంగతి ఆయనకి తెలీదు, తెలియకపోవడం తప్పూ కాదు. "ఏం కనబడట్లేదేంటయ్యా, పాడైపోయిందా?" అన్నాడు సీరియస్‌గా.

నాగజ్యోతికి నవ్వొచ్చింది. పెదాలు బిగబట్టినా ఆగలేదు. ఖాజావలి తల అటు తిప్పుకున్నాడు గానీ అతని భుజాలు కదిలాయి.

ప్రేమ్‌చంద్ నడుం నిలబెట్టి, చేతులు దులుపుకుని, "ఆ తెల్లది ప్యాక్ చెయ్యి" అన్నాడు.

"వద్దండీ" అంది నాగజ్యోతి.

పరాయివాడి ముందు ఆయన మాటకి అడ్డం చెప్పడం పెళ్లయ్యాక అదే మొదలు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆవిడే బిత్తరపోయింది. అడ్వాన్సు అప్పటికే తీసుకున్న ఖాజావలి ఇద్దరినీ చూసి, "ఏది పంపాలో రేపు సాయంత్రంలోగా ఫోన్ చెయ్యండి సార్, బస్సు పార్సిల్లో వేస్తాను. మిగిలినదాన్ని చిలకలూరిపేట వాళ్లు తీసుకుంటామన్నారు" అన్నాడు.

కారులో తిరుగు ప్రయాణం. రోడ్డు పక్కన నల్లరేగడి చేలల్లో ఆడకూలీలు వంగి మిరపనారు నాటుతున్నారు. వాళ్లని చూస్తూ నాగజ్యోతి, రాత్రికి ఆయనకిష్టమైన గోంగూర చేస్తే తింటాడేమో, ఉల్లిపాయ పక్కన పెట్టి అడిగితే మెత్తబడతాడేమో అని ఆలోచిస్తోంది. నేనేం తప్పు చేశానని ఈ గోంగూర అనిపించింది. అనిపించినా ఊళ్లోకి రాగానే కారు ఆపించి రెండు కట్టలు కొంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

గోంగూర పనిచెయ్యలేదు. కంచం ముందుకి జరిగింది. "నాకు ఆకలిగా లేదు."

"ఏం చేశావే వాణ్ణి?" అంది పున్నమ్మ. "ఏదో గొట్టం కోసం మొగుణ్ణి పస్తు పెడతావా? వాడు చెప్పిందే కొనుక్కోవచ్చుగా. దేంట్లోంచి చూసినా ఆకాశం ఒకటేగా."

ఏడో తరగతి చదువుతున్న కూతురు శ్రీరమ్య తన కంచం పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. నాగజ్యోతి వంటిల్లు సర్దేసి, మంచినీళ్లు తాగి పడుకుంది.

నిజం చెప్పాలంటే ఆ పస్తు ఇంటివరకే. తెల్లారగానే బస్టాండు హోటల్లో కరస్పాండెంటుగారు ఇడ్లీ లాగిస్తారని ఊరందరికీ తెలుసు. నాగజ్యోతికీ తెలుసు. పోయినసారి అల్లం పచ్చడి వాసనొస్తున్న ఆ చేతినే పట్టుకుని, "తప్పయింది, తినండి" అని ఏడ్చింది. ఆయన కడుపు నిండే ఉందని తెలిసినా, ఇల్లంతా తనవైపు చూసే చూపు భరించలేక లొంగిపోయేది. ఈసారీ సాయంత్రం దాకా ఆగడం దేనికి, ఆ తెల్లదే పంపమని చెప్పేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది కదా అని సోమవారం ప్రేయరులో నిలబడి అనుకుంటూనే ఉంది.

అప్పుడే ఏడో తరగతి వరసలో శ్రీరమ్య కూలబడిపోయింది. ఆయా గురవమ్మ ఎత్తుకొచ్చి ఆఫీసు బెంచీ మీద పడుకోబెట్టింది. నాగజ్యోతి ఒళ్లు పట్టి చూసింది. జ్వరం లేదు.

"పొద్దున ఏం తిన్నావే?"

"ఏం తినలేదమ్మా. రాత్రి అన్నం కూడా కుక్కకి పెట్టేశాను."

"ఎందుకు?"

"నాన్న తినకుండా మనం తినకూడదంట. ఆడపిల్లవి ఇప్పట్నుంచే నేర్చుకోవాలంది నాయనమ్మ. నువ్వూ తినలేదుగా."

పిల్ల ఆ మాట గొప్పగా చెప్పింది, అమ్మలాగే ఉన్నానన్న సంతోషంతో. నాగజ్యోతికి పున్నమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. అంతలోనే అది తనమీదికి తిరిగింది. ముసలావిడ ఒకసారి చెప్పి ఉంటుంది, పిల్ల మాత్రం పుట్టినప్పట్నుంచీ నన్నే చూస్తోంది. కంచం తోస్తే అమ్మ ఏడుస్తుందనీ, ఏడ్చి తన వస్తువు తీసి ఇచ్చేస్తుందనీ, దానికి సంసారమని పేరనీ నేర్చుకుంది. టెన్తు పిల్లలకి న్యూటన్ సూత్రాలు చెప్పిన నోటితో కన్నకూతురికి నేను చెప్పింది ఇదా? రేపు ఇంకెవడో కంచం తోస్తాడు. ఇది కూడా మంచినీళ్లు తాగి పడుకుంటుంది.

పిల్లని నడిపించుకుని స్కూలు వెనకే ఉన్న ఇంటికి వచ్చింది. ప్రేమ్‌చంద్ హాల్లో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు. పున్నమ్మ పక్కనే నీరసంగా గోడకి జారగిలబడింది. నాగజ్యోతి శ్రీరమ్యని టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, దోసకాయ పప్పు, నెయ్యి వేసి కలిపి పెట్టింది. ఇంకో కంచం తీసింది. ఎదురుగా కుర్చీ లాక్కుని, తనకి తనే వడ్డించుకుంది. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. నీళ్లు తాగి మింగింది. రెండోది దిగింది. మూడోదానికి తెలిసింది ఎంత ఆకలేస్తోందో.

"వాడక్కడ పస్తుంటే నీకు ముద్దెట్లా దిగుతుందే?" అంది పున్నమ్మ.

"దిగుతోంది అత్తయ్యా. మీరూ రండి, బీపీ మాత్ర వేసుకోవాలి."

పున్నమ్మ లేవలేదు. కోడలి కంచం వైపు చూస్తూ కూర్చుంది.

పేపరు కిందికి దిగింది. "జ్యోతీ" అన్నాడు ప్రేమ్‌చంద్, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా.

ఆవిడ పెరుగన్నం దాకా తిని, చెయ్యి కడుక్కుని, ఆయన కుర్చీ పక్కనున్న ఫోను దగ్గరికి వచ్చి నంబరు తిప్పింది.

"ఖాజావలిగారా? పర్చూరు నుంచి. ఆ నల్లది పంపించండి, అద్దం ఉన్నది."

ప్రేమ్‌చంద్ లేచి నిలబడి ఫోనుకోసం చెయ్యి చాపాడు.

"నిన్న సారు తెల్లదన్నారు కదమ్మా" అన్నాడు ఖాజావలి. "ఒకసారి సార్‌కి ఇవ్వండి."

నాగజ్యోతి రిసీవరు రెండో చెవికి మార్చుకుంది.

"సారు అన్నం తినడం లేదండీ. నేను తినేశాను. అద్దం ఉన్నదే పంపించండి" అంది.