భుజం మీద నాలుగు వేళ్లు

నా నోరు మంచిది కాదని వీధంతా అంటుంది. పెళ్లికొడుకునే "నవ్వవయ్యా, కొంపలేం మునిగాయి?" అని కసిరిన ఫొటోగ్రాఫర్ని. అలాంటివాణ్ణి ఆ రోజు బడిలో కుక్కిన పేనులా పడి ఉన్నాను.

"కాలవలు తీసేవాడి కూతుర్ని చివర్న నిలబెట్టండి. తర్వాత కత్తిరించెయ్యొచ్చు. లేకపోతే మిగతా పిల్లల తల్లిదండ్రులు ఊరుకోరు," అంది పెద్ద టీచరమ్మ నా చెవిలో. ఏటా వచ్చే క్లాసు ఫొటోల పని పోతుందని గంగిరెద్దులా తలూపాను.

ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. ఎనిమిదేళ్లుంటాయేమో. కెమెరా సర్దుతుంటే వచ్చి చేతులు చాపింది.

"రెండుసార్లు సబ్బుతో కడిగా మావయ్యా. కావాలంటే వాసన చూడు. ఫొటో తగిలించడానికి నాన్న గోడకి మేకు కూడా కొట్టేశాడు."

చూశాను. సబ్బు వాసనే.

"పక్కవాళ్ల భుజం మీద చెయ్యెయ్యండర్రా!" అని అలవాటుగా అరిచాను. పిచ్చుక పక్కనున్న పిల్ల ఒళ్లు ముడుచుకుంది. "కదిలావంటే చూడు!" అన్నాను. పిచ్చుక చెయ్యి మెల్లగా ఆ భుజం మీద ఆనింది.

"నేను పడతానా మావయ్యా?"

"పడక ఎక్కడికి పోతావే!" అన్నాను. నా నోరు పడిపోను!

ఆ సాయంత్రం కంప్యూటర్లో పిచ్చుకని కత్తిరించేశాను. నాలుగు వేళ్లు మాత్రం మిగిలాయి. అవి చెరిపితే పక్కపిల్ల భుజం పాడవుతుంది.

వారం తర్వాత పిచ్చుక బడిలో ఇచ్చిన ఫొటో పట్టుకుని తండ్రితో స్టూడియోకి వచ్చింది. "రా అన్నా లోపలికి" అన్నాను. "బూట్లు తడి సార్, ఇక్కడే ఉంటా," అని అతను గుమ్మం బయటే ఆగిపోయాడు.

"నేనేదీ మావయ్యా? వేళ్లే ఉన్నాయి. మిషను పాడైందా?"

అవునందామని నోటిదాకా వచ్చింది. తండ్రి నేల చూస్తున్నాడు. అతనికి ముందే తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

"మిషను కాదమ్మా. వాళ్లు కత్తిరించమన్నారు, నేను కత్తిరించాను."

గబగబా కత్తిరించని ఫొటో ప్రింటు తీసిచ్చాను. చివర్న పిచ్చుక, పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. చాలాసేపు చూసుకుని, రెండు ఫొటోలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఇది మా ఇంట్లోనే ఉంటుంది కదా?"

"అవును తల్లీ. నీకే."

"మిగతా అందరిళ్లల్లో వేళ్లేగా?"

"పద అమ్మా" అన్నాడు తండ్రి. గుమ్మం దాటుతూ ఆ పిల్ల తన అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.