గంట మోగని ఫోను

లిడియాకి 1999 వేసవి అంటే అద్దంకిలో మీరా హుస్సేన్ రిపేరు షాపే. డిప్లొమా పూర్తయిన కొత్తల్లో ఆమె అక్కడే పని నేర్చుకుంది. ఆ రోజులు తలుచుకుంటే సోల్డరు పొగ వాసన ఇప్పటికీ ముక్కుకి తగులుతుంది.

ఆ ఏడు మిరపకాయలు కల్లాల్లో ఉండగానే ఉరుముల వానలు మొదలయ్యాయి. పిడుగు పడితే చాలు, జాన్‌బీ ఎస్‌టీడీ బూత్‌లో బిల్లింగ్ మిషన్ కాలిపోయేది. మూడోసారి దాన్ని ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో వచ్చిందామె.

"ఇక కాలకుండా ఏదన్నా చెయ్యన్నా."

"ఈసారి నువ్వు చూడమ్మాయ్," అన్నాడు హుస్సేన్.

లిడియా పొంగిపోయింది. ఫోను లైనులో ఉండేది యాభై వోల్టులని చదువుకుంది. అందుకని డెబ్భై దాటగానే అదనపు కరెంటును పక్కకు మళ్ళించే వారిస్టర్ ఎంచుకుంది. రూపాయి బిళ్ళంత నీలం ముక్క. మిషన్ బాగుచేసి, లోపల ఫోను లైను కలిసే చోట దాన్ని అతికించి పంపింది.

నాలుగు రోజులకు జాన్‌బీ మళ్ళీ వచ్చింది.

"మిషన్ బానే ఉంది గానీ, బయట నుంచి ఫోనొస్తే గంట మోగట్లేదమ్మా. బెంగుళూరు పనులకెళ్ళిన మొగుళ్ళు చేస్తారని పాపం ఆడాళ్ళు కూర్చుని కూర్చుని ఇళ్ళకెళ్ళిపోయారు."

లిడియాకి తల కొట్టేసినట్టయింది. హుస్సేన్ కోప్పడలేదు. ఆమెను బూత్‌కి తీసుకెళ్ళి, బిళ్ళ ఊడదీసి, లైనుకి మీటరు తగిలించి, ఎదురు మందుల షాపు నుంచి ఫోన్ చేయించాడు. గంట మోగినప్పుడల్లా ముల్లు తొంభైకి లేచింది.

"గంట కొట్టడానికి ఎక్స్ఛేంజి వాళ్ళు పంపే ఏసీ ఇది. నీ బిళ్ళ దీన్ని కూడా పిడుగే అనుకుంది."

లిడియా అక్కడే కాగితం తీసింది. ఏసీలో అల శిఖరం మీటరు చూపేదానికి 1.41 రెట్లు; మీటరు తొంభై చూపితే అల ఎత్తు నూట ఇరవై ఏడు. లైనులో యాభై కలిపితే దాదాపు నూట ఎనభై.

"అయితే రెండొందల ముప్పై వోల్టులు దాటితేనే పిడుగు కరెంటును భూమిలోకి పంపే గ్యాస్ ట్యూబ్ పెడదాం బాబాయ్!"

"పెద్ద దెబ్బ అది కాస్తుంది. కానీ మేలుకోవడం ఓ క్షణం ఆలస్యం."

"ఆ క్షణం కాయడానికి వెనకాల రెసిస్టరూ, ఈసారి ఎక్కువ వోల్టుల వారిస్టరూ పెడితే?"

హుస్సేన్ నవ్వాడు. "ఇప్పుడు దారిలో పడ్డావ్."

అవన్నీ లైనుకి బిగించి, పిడుగు కరెంటు భూమిలోకి దిగేలా బూత్ వెనక గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి ఎర్తు కడ్డీ దించారు.

వారం తిరక్కుండానే, పట్టపగలు, దగ్గర్లోనే పిడుగు పడింది. వాన వెలిశాక లిడియా బూత్‌కి పరుగెత్తింది. గుమ్మంలోకి అడుగు పెట్టేసరికి ఫోను గణగణ మోగింది. జాన్‌బీ ఎత్తి, "రెబ్కా, మీ ఆయనే!" అని వీధంతా వినపడేలా కేకేసింది.

సెల్‌ఫోన్లొచ్చాక బూత్ మూతపడింది. జాన్‌బీ అక్కడే గాజుల కొట్టు పెట్టుకుంది. అద్దంకి వెళ్ళినప్పుడల్లా లిడియా ఆ కొట్లో కాసేపు కూర్చుని టీ తాగి వస్తుంది.