బోల్టు కూర్చున్న చప్పుడు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మరిది కొండ దారిలో కారు నడుపుతూ ఉండగా, మలుపు మధ్యలో ఇంజను ఉన్నపళంగా ఆగిపోవడం.

భయాలకేం, ఆమెకు బోలెడున్నాయి. పాప గొంతుకు అడ్డం పడుతుందని ద్రాక్షపండును కూడా రెండుగా కోసి పెడుతుంది. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తుంది. నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటుంది. తల్లికి జబ్బు చేసి చదువు పదో తరగతి మధ్యలోనే ఆగిపోయింది. అప్పటినుంచీ, తనకు తెలియనిది లోకంలో చాలా ఉందనీ, ఆపద ఎప్పుడు ఊడిపడినా ఆ తెలియని దాంట్లోంచే ఊడిపడుతుందనీ ఆమె నమ్మకం.

అందుకే ఇంట్లో ఆమె పేరు కంగారమ్మ. ఆ పేరు పెట్టింది మరిదే.

"వదినా, రోజుకు పది భయాలు పడతావు కదా. అందులో నిజమయ్యేదేదో పొద్దున్నే చెప్పేయ్. మిగతా తొమ్మిదింటికీ సెలవిచ్చేద్దాం" అనేవాడు.

"నీకు నవ్వులాటగానే ఉంటుంది. నీ పెళ్ళాం వచ్చాక తెలుస్తుంది నాయనా."

"వచ్చే పిల్ల నీలాంటిదైతే నేను కారులోంచి దిగనే దిగను."

ఆమె కాపురానికి వచ్చేనాటికి అతనికి మీసం కూడా సరిగా మొలవలేదు. తల్లి లేని పిల్లాడు. జ్వరమొస్తే వదిన కొంగు పట్టుకుని పడుకునేవాడు. ఇప్పుడు ఆరడుగుల మనిషై, కొండ దారుల్లో కార్ల పందేలకు తిరుగుతున్నాడు. ఆ కారుకు ఇంజను కట్టేది వాళ్ళన్నయ్య, అంటే ఆమె భర్త.

ఇంటి ముందు గదే షెడ్డు. షట్టరు ఎత్తితే ఇంజన్లు, వెనక తలుపు తీస్తే వంటిల్లు. పాప చొక్కాలకు కూడా కిరసనాయిలు వాసనే. భర్త పని మహా శుభ్రం. విప్పిన ప్రతి ముక్కనూ కిరసనాయిల్లో ముంచి, తీగ బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిస్తే తప్ప బల్ల మీద పెట్టడు, కన్నెత్తి చూడడు. "మురికి మీద చూసేవాడికి మురికే కనపడుతుంది" అనేది అతని సిద్ధాంతం. అతని దగ్గర పని నేర్చుకున్న వాళ్ళందరికీ అదే అలవాటైంది.

అంత శుభ్రమైన షెడ్డులోనే రెండు క్యామ్ షాఫ్టులు విరిగాయి.

క్యామ్ షాఫ్టంటే ఏమిటో మరిదే ఆమెకు ఒకసారి గుడ్డు చేత్తో పట్టుకుని చెప్పాడు. ఇంజను నెత్తిన ఒక కడ్డీ తిరుగుతుంది. దాని పొడవునా కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. ఉబ్బు వచ్చి నొక్కితే కింద వాల్వు తెరుచుకుంటుంది, అది దాటిపోగానే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. కంపెనీ షాఫ్టు తీసేసి ఉబ్బులు పెద్దవిగా ఉన్న షాఫ్టు వేస్తే ఇంజను ఎక్కువ గాలి పీల్చి ఎక్కువ పరిగెడుతుంది. కానీ ఆ వేగానికి పాత స్ప్రింగులు సరిపోవు, బాగా గట్టివి వేయాలి. "నీలాగన్నమాట వదినా, ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి" అని ముగించాడు.

మొదటి షాఫ్టు ఎవరో గిరాకీ కారులో, ఆగి ఉన్నప్పుడే విరిగింది. రెండోది మరిది కారులో, చదును రోడ్డు మీద. ఇంజను చచ్చిపోయిందట, స్టీరింగు రాయిలా బిగిసిందట, వెనక లారీ వాడు హారను మోగిస్తుంటే ఎలాగో పక్కకు లాగాడట. ఇంటికొచ్చి పకపకా నవ్వుతూ చెప్పాడు. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు.

రెండూ ఒకే చోట విరిగాయి. భర్త ముక్కల్ని కడిగి, తోమి, వెలుతురులో తిప్పి చూశాడు. విరిగిన చోట ఈ కొస నుంచి ఆ కొస దాకా వెండిలా మెరిసింది.

"చూశావురా? పోతలోనే దమ్ము లేదు. బయటి సరుకంటే ఇంతే" అన్నాడు తమ్ముడితో. ఈసారి ఇంకో తయారీదారుడి దగ్గర పేరున్న షాఫ్టు తెప్పించాడు. ఉబ్బులు ఇంకా పెద్దవి. స్ప్రింగులు ఇంకా గట్టివి.

అది మరిది కారుకు బిగించిన రోజు ఆమే లైటు పట్టుకుంది, చంకలో పాపతో.

షాఫ్టును పైనుంచి పట్టి ఉంచడానికి వరసగా క్యాపులుంటాయి, ఒక్కో క్యాపుకు రెండు బోల్టులు. భర్త ముందు కొసన ఉన్న క్యాపును పూర్తిగా బిగించాడు. తర్వాత దాని పక్కది. ఇన్నేళ్ళుగా కంపెనీ ఇంజన్లకు అలాగే బిగించాడు, ఒక్కటీ మాట పడలేదు. కింద స్ప్రింగులు తోస్తున్నాయేమో, వెనక కొస గాల్లోకి లేచి ఉండటం ఆమె చూసింది. అతను పానాకు ఒళ్ళంతా బరువిచ్చి తిప్పాడు.

టిక్కుమంది.

"ఏమిటది?" ఉలిక్కిపడింది ఆమె.

"బోల్టు కూర్చుంది."

ఆ షెడ్డులో అదొక మాట. ఏది బిగిస్తున్నా చిన్న చప్పుడొచ్చి చేతికి పట్టు దొరికితే "కూర్చుంది" అనుకుని తర్వాతి దానికి వెళ్ళిపోతారు. మరిది పాపకు కూడా నేర్పాడు. డబ్బా మూత పెట్టి "కూచుంది!" అని చప్పట్లు కొడుతుంది పాప.

రెండు రోజులకు పాప బడి డబ్బా మూత చీలింది. అది నాలుగు వైపులా కొక్కేలుండే డబ్బా. ఆమె ఎప్పుడూ తిండి కూరి కూరి పెడుతుంది, పాప ఆకలితో ఉంటుందేమోనని. ఆ రోజు మూత పెట్టి ఒక పక్క కొక్కెం గట్టిగా నొక్కింది, రెండో పక్క పైకి లేచింది. దాన్ని కూడా నొక్కేసరికి టిక్కుమంది. "కూచుంది!" అంది పాప. తెరిచి చూస్తే మూతకు వెంట్రుకంత గీత. డబ్బా మాత్రం మామూలుగానే మూసుకుంటోంది.

ఆమె డబ్బా పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తింది.

"ఏమండీ, ఆ షాఫ్టు ఒకసారి విప్పి చూడకూడదూ? మొన్న టిక్కుమంది కదా. ఇది కూడా అలాగే..."

భర్త మూతను చూశాడు, ఆమెను చూశాడు. "ప్లాస్టిక్ మూతకూ ఇనప షాఫ్టుకూ వియ్యం కలిపావే! మొన్న బ్యాటరీ పేలుతుందన్నావు. అంతకుముందు జాకీ జారుతుందన్నావు. ఏదైనా జరిగిందా?"

జరగలేదు. అన్నిటికీ భయపడేదాని భయానికి విలువుండదని ఆమెకు ఆ క్షణంలో తెలిసొచ్చింది. పులి పులి అని అరిచి అరిచి, నిజంగా పులి వచ్చిన రోజున గొంతు లేకుండా నిలబడింది.

మరిది దగ్గరికి వెళ్ళింది. అతను కారు అద్దం తుడుస్తున్నాడు.

"ఈ ఒక్కసారికీ నా మాట వినరా. విప్పించాకే కొండెక్కు."

"ఇది ఎన్నో భయం వదినా, ఈ రోజుకి?"

"ఇదే మొదటిది. ఇదొక్కటే."

ఆమె గొంతులో ఏం వినపడిందో, అతని నవ్వు ఆగింది. "సరే, ఆదివారం అన్నయ్య చేత విప్పిస్తాను. ఒట్టు. రేపొక్కసారి అలా పైదాకా వెళ్ళి చూసుకొస్తాను, అంతే. చిన్నగానే పోతాలే."

మర్నాడు పొద్దున ఆమె పాపకు జడ వేస్తుండగా ఫోను మోగింది.

మూడో మలుపు. ఇంజను ఆగింది, స్టీరింగు బిగిసింది, కారు రాతి గోడను గుద్దుకుని బోల్తా పడింది. వెనక వస్తున్న పాల వ్యాను మనుషులు బయటికి లాగారు. ప్రాణం ఉంది. నడుము కింద నుంచి కదలిక లేదు.

ఆస్పత్రిలో మరిది కళ్ళు తెరిచి మొదట అన్న మాట, "వదినా, ఆ ఒక్కటీ నిజమైంది. తొమ్మిదింటికీ సెలవిచ్చేయ్." ఆమె నవ్వబోయింది. ఆ నోటితోనే ఏడ్చింది.

భర్త మధ్యాహ్నానికి వచ్చాడు. కారును లాగి పడేసిన చోటికి వెళ్ళి, అక్కడే నేల మీద కూర్చుని ఇంజను మూత విప్పాడట. అక్కడ కిరసనాయిలు లేదు, బ్రష్షూ లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా చూడాల్సి వచ్చింది. వరండాలో ఆమెను పక్కకు పిలిచి గుడ్డలో చుట్టిన ముక్కను తెరిచాడు.

విరిగిన చోట సగం వెండిలా తెల్లగా ఉంది. మిగతా సగం నల్లగా ఉంది, నూనె ఇంకి, గోధుమ చారలతో.

"తెల్లది ఇవాళ్టిది. నల్లది... నేను బిగించిన నాటిది. ఆ పగుల్లోకి అప్పట్నుంచీ నూనె పోతోంది" అన్నాడు. "ఒక కొస పూర్తిగా బిగిస్తే రెండో కొస లేస్తుంది. గట్టి స్ప్రింగులు. అన్నిటినీ కొంచెం కొంచెంగా దించుకుంటూ రావాలి. ఇది పోత ఇనుమే, వంగదు. పగులుతుంది."

ఆమె ఆ నలుపు మీద వేలు పెట్టి చూసింది.

"ముందు రెండిట్లోనూ నలుపు ఉండే ఉంటుందే. నేను కడిగేశాను. తోమి తోమి తెల్లగా చేసి, సరుకును తిట్టాను." ఆమె వైపు చూసి, "కూర్చుంది అన్నాను కదూ?" అన్నాడు.

"మీరు తెలిసి చేశారా ఏమిటి?" అంది ఆమె, ఇంకేమనాలో తోచక.

అతను ముక్కను గుడ్డలో చుట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తమ్ముడి గదిలోకి తొంగి కూడా చూడలేదు.

అప్పటినుంచీ ఆమె చేస్తూనే ఉంది, అతని ఫోను మోగుతోంది గాని ఎత్తడం లేదు. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. డాక్టరు ఏ క్షణానైనా సంతకానికి పిలుస్తానన్నాడు, మరిది ఆమె వేలు వదలడం లేదు, పాప ఆమె ఒళ్ళో నిద్రపోయింది. నిన్నటిదాకా ఆమెకున్న పెద్ద భయం తీరిపోయి, దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. అది భర్త గురించి. దాని పేరు పైకి అనలేకపోతోంది. పదిమందీ నవ్వే పాత భయాల్లో ఇది లేదు.

మీరెవరైనా అటుగా వెళ్తే, పాత టైర్ల గోదాము పక్క సందులో వాళ్ళ షెడ్డు నీలం షట్టరు ఉంటుంది. దించి ఉన్నా తట్టండి. ఏ పనీ లేకపోయినా బండి చప్పుడు చేస్తోందని చెప్పండి, ఏదో ఒకటి చూడమనండి. లోపల పానా టిక్కుమన్న చప్పుడు వినపడితే, ఉన్నాడులే అనుకుని వెళ్ళిపోకండి. మనిషి గొంతు వినపడేదాకా తట్టండి.