ఖాళీ లేని సంవత్సరం

ఉమామహేశ్వరరావుగారికి వానంటే ప్రేమ అనుకుంటే పొరపాటే. ఆయనకు కావలసింది ఉదయం తొమ్మిదికల్లా వెళ్ళడానికి ఒక చోటు. హారిస్ పార్క్ పేటలో తన ఫ్లాటు కింది మిఠాయికొట్టు తెరవకముందే బయల్దేరి, రైలెక్కి, కొండ మీది పాత అబ్జర్వేటరీకి చేరేవారు. రేవులోని ఓడలకు టైము చెప్పడానికీ, వాతావరణం రాసుకోవడానికీ ఇంగ్లీషువాళ్ళు కట్టిన రాతిమేడ అది. ఇప్పుడు మ్యూజియం. టైము అందరి ఫోన్లలోనూ ఉంది, వాతావరణానికి యంత్రాలున్నాయి. అయినా పెరట్లో గరాటా కింద చేరిన వాననీళ్ళను రోజూ సరిగ్గా తొమ్మిదికి గాజు గొట్టంలో పోసి కొలిచి, రిజిస్టరులో చేత్తో రాసే ఆనవాయితీ మాత్రం పోలేదు. ఏడాది చివర ఆ కాగితాలన్నీ కూర్చి, బైండు చేసి, పాతవాటి పక్కన పెడతారు.

ఇంజనీరుగా రిటైరైన రావుగారు ఈ పని జీతం లేకుండా చేస్తున్నారు. మొదట్లో ఆదివారాలు వెళ్ళేవారు కాదు. అలా వెళ్ళని రోజున సున్నా వెయ్యకూడదు. సున్నా అంటే చూశాం, వాన లేదని. చూడని రోజు గడి ఖాళీగా వదిలి, సోమవారం రెండు రోజుల నీళ్ళూ కలిపి కొలిచి, రెండు గళ్ళనూ ఒక బ్రాకెట్టుతో కలపాలి. కిందటేడు భార్య కనకదుర్గ పోయాక ఆయనకు బ్రాకెట్టుతో పని లేకుండా పోయింది. ఆదివారం ఫ్లాటులోని ఆ రెండు గదుల్లో ఊపిరాడేది కాదు మరి.

డిసెంబరు మొదట్లో మ్యూజియం చూసుకునే మార్గరెట్ రిజిస్టరు తిరగేసి సంబరపడిపోయింది. ఇంకొక్క నెల గడిస్తే ఒక్క ఖాళీ లేని సంవత్సరం! 1905 తర్వాత ఇదే మొదటిదట. జనవరిలో చిన్న సభ పెడతామంది. ఈ దేశంలో శాలువా కప్పరు గానీ కేకు కోస్తారు. రావుగారు రైల్లో ఇంటికెళ్తూ తనలో తను నవ్వుకున్నారు.

ఆ సాయంత్రమే న్యూకాజిల్ నుంచి కూతురు స్నేహ ఫోన్ చేసింది.

“నాన్నా, ఈ సండే మార్నింగ్ బీచ్‌లో తన్మయికి పిల్లల నిప్పర్స్ పోటీల ఫైనల్. సాటర్‌డే మధ్యాహ్నం ట్రైనెక్కితే చాలు, నేను స్టేషన్‌కొస్తా.”

“ఆదివారం తొమ్మిదికి నాకు డ్యూటీ కదమ్మా.”

“నువ్వు కొలవకపోతే వాన పడనంటుందా?”

“ఏడాదంతా రాసి, ఇప్పుడీ ఒక్కటీ వదిలెయ్యమంటావా?”

“అమ్మ పోయాక మా ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు నువ్వు. తాతయ్య ఎప్పుడొస్తాడని అడగడం అది మానేసింది, తెలుసా?”

“చూద్దాంలే” అన్నారు రావుగారు. ఆ మాటకు రానని అర్థమని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు తన సరసన నిలబడబోయే ఆ 1905 మహానుభావుడెవరో చూద్దామని ఆయన పాత సంపుటాలు దింపించారు. పేరు హెన్రీ ప్రాక్టర్. చక్కటి దస్తూరి. 1891 నుంచీ ప్రతి సోమవారం పద్ధతిగా ఒక బ్రాకెట్టు. ఆదివారం ఇంటిపట్టున ఉండే మనిషే అనుకున్నారు. 1894 జూలైలో రిమార్కుల గడిలో ఒక ముక్క ఉంది: ‘ఈరోజు ఎలెన్‌ను ఖననం చేశాం. నైరుతి గాలి.’ భార్యే అయ్యుంటుంది.

ఆ తర్వాత బ్రాకెట్టు లేదు. రావుగారు పేజీ తిప్పారు, లేదు. సంపుటం మార్చారు, లేదు. క్రిస్మస్‌లు, ఈస్టర్లు, ఆదివారాలు, దాదాపు పన్నెండేళ్ళు. 1906 మార్చిలో ఒకరోజు అదే దస్తూరిలో వాన లెక్క. మర్నాడు ఇంకెవరిదో దస్తూరి. ప్రాక్టర్ ఏమయ్యాడో రిమార్కుల్లో ఒక్క మాట లేదు, ‘మబ్బుగా ఉంది’ అని మాత్రం ఉంది.

రావుగారికి భయం వేసింది. నిన్నటిదాకా ఘనకార్యమనుకున్నది కాస్తా, వెళ్ళడానికి ఇంకో గుమ్మం లేని మనిషి బతుకులా కనబడింది. ఈయనకు గుమ్మం ఉంది. దాన్ని ఈయనే మూసుకుంటున్నారు.

శనివారం తొమ్మిదికి నీళ్ళు కొలిచి, రాసి, మధ్యాహ్నం రైలెక్కారు.

ఆదివారం తొమ్మిది కొడుతుండగానే బీచ్‌లో వాన అందుకుంది. ఆయన చెయ్యి అలవాటుగా జేబులో కలం తడిమింది. పరుగుపందెంలో నాలుగోదిగా వచ్చిన తన్మయి తడిసి ముద్దై ఒణుకుతూ ఆయన పక్కకొచ్చి నిలబడింది.

“హౌ మచ్ రెయిన్, తాతా?”

“తెలీదమ్మా. ఇవాళ కొలవట్లేదు.”

అది ఇసుక చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుంది. రావుగారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వానలో ఎవరూ గమనించలేదు.

సోమవారం ఖాళీ గడి చూసి మార్గరెట్ “అయ్యో, ఉమా!” అంది. రావుగారు రెండు రోజుల నీళ్ళూ కలిపి కొలిచారు. ఇరవై రెండు మిల్లీమీటర్లు. చాలాకాలం తర్వాత రెండు గళ్ళనూ కలుపుతూ బ్రాకెట్టు గీశారు. తర్వాత రిమార్కుల గడిలో, నూటపాతికేళ్ళ తర్వాత ఎవరైనా తీసి చూసినా తెలిసేలా, స్పష్టంగా రాశారు: ‘ఆదివారం కొలవలేదు. కూతురింట్లో ఉన్నాను.’