క్రేన్ల పంచాంగం

మాదాపూర్‌లో ఆఫీసు నడిపే ఆర్కిటెక్టు మధుసూదన్‌కు పంచాంగం మీద నమ్మకం లేదు, మార్కెట్ నివేదికల మీద అంతకన్నా లేదు. ఒకటి గ్రహాలు కరుణిస్తాయంటుంది, రెండోది వచ్చే త్రైమాసికంలో గిరాకీ పుంజుకుంటుందంటుంది. తప్పినప్పుడు క్షమాపణ చెప్పే అలవాటు మాత్రం రెండింటికీ లేదని ఆయన వాదం. వాటికి బదులు ఆయన సొంతంగా ఒక శాస్త్రం కనిపెట్టుకున్నాడు. ఆఫీసు మేడెక్కి నానక్‌రామ్‌గూడ వైపు చూడటమే ఆ శాస్త్రం. కడుతున్న టవర్ల మీద క్రేన్లు తిరుగుతుంటే పని ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. కంటికి కనబడిందే సాక్ష్యం, తక్కినదంతా సోది.

బిల్డర్లు ఒకరి వెనక ఒకరు జర ఆగుదామంటున్నారు. ఒకాయనైతే బిల్డింగుల బొమ్మలు కంప్యూటరే ఉత్తినే వేసిపెడుతుంటే మీకు ఫీజెందుకని అడిగి, టీ తాగి మరీ వెళ్ళాడు. ఆఫీసులో మిగిలింది జూనియర్ ఆర్కిటెక్టు రోహిణి ఒక్కతే. మధుసూదన్ చేత్తో తీర్చిదిద్దిన పిల్ల. ఆమె వెళ్ళిపోతే ఆఫీసుకు తాళమే.

ఆ రోహిణినే వాస్తు సలహాదారు యజ్ఞనారాయణ ఉద్యోగానికి పిలిచాడు. కొత్తగా కట్టేవాళ్ళు తగ్గినా, కట్టినచోట కలిసిరాక గోడలు మార్పించేవాళ్ళు పెరిగారు. మార్కెట్ పడేకొద్దీ ఆయన వ్యాపారం లేస్తోంది. సాయంత్రానికల్లా జవాబు కావాలన్నాడట.

“వాస్తు అంటె నాకూ నమ్మకం లేదు సార్,” అంది రోహిణి. “కానీ ఖాళీగ కూసోని జీతం తీసుకునుడు నాతోని కాదు. ఈడ పని ఉంటదని మీరు ఖాయంగ చెప్పుండ్రి, ఇగ నేను యాడికీ పోను.”

మధుసూదన్ ఆమెను మేడ మీదికి తీసుకెళ్ళాడు. దూరాన క్రేన్లు నింపాదిగా తిరుగుతున్నాయి. చూశావా అమ్మా, ఒక్కటీ ఆగలేదని గర్వంగా చూపించాడు. రోహిణి ముఖం తేటపడింది. యజ్ఞనారాయణకు రానని చెప్పేందుకు ఫోను తీసింది.

అంతలో గాలి మళ్ళింది. క్రేన్లన్నీ కూడబలుక్కున్నట్టు, వాన జల్లుకు వీపు తిప్పే గేదెల్లా, ఒకేసారి తూర్పుకు తిరిగాయి.

చూపించిన వేలిని మధుసూదన్ వెనక్కి తీసుకున్నాడు. పనిచేసే క్రేన్ అది ఎత్తే బరువును బట్టి దాని దారిన తిరుగుతుంది. పని లేనప్పుడే, పెనుగాలికి కూలకుండా, బ్రేకు వదిలేసి గాలి ఎటు తిప్పితే అటు తిరగనిస్తారు. ఇది ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్చుకున్న పాఠం. పండగ కాదు, భోజనాల వేళా కాదు. అయినా అన్నీ ఒకే దిక్కు చూస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఆయన మార్కెట్టును చూడలేదు, గాలిని చూసి మురిశాడు.

నోరు మూసుకుంటే చాలు, రోహిణి ఉండిపోతుంది. చెబితే, పెంచిన చిలకను తీసుకెళ్ళి జోస్యుడి పంజరంలో పెట్టినట్టే. ఆయనకు నోరు మూసుకోవాలనే ఉంది.

“ఆగమ్మా, ఆ ఫోను చేయకు,” అన్నాడు. “అవి తిరగడం లేదు, గాలి తిప్పుతోంది. నేను చెప్పింది తప్పు. ఇక్కడ పని లేదు.”

మధుసూదన్ విషయమంతా వివరించాక రోహిణి ఫోను దించింది.

“అంటె రోజూ గివే చూసి నాకు ధైర్యం చెప్పిన్రా సార్?”

“అవును.”

“యజ్ఞనారాయణ సారే నయం. ఆయన కనీసం తొమ్మిది గ్రహాలు చూస్తడు.”

మధుసూదన్ ఆమె చేతిలోని ఫోను వైపు చూపించాడు. వెళ్ళమన్నాడు, వస్తున్నానని ఇప్పుడే చెప్పేయమన్నాడు. రోహిణి కదల్లేదు. పిట్టగోడ మీద గోటితో గీస్తూ నిలబడింది.

“కోపం చేయకున్రి సార్. మీకు గూడ కొలువు ఇస్తరా అని యజ్ఞనారాయణ సార్‌ను అడిగిన. ఆయనకు వాస్తు నమ్మనోళ్ళే కావాల్నట. నమ్మెటోళ్ళు శాస్త్రం తీసి ఆయనతోనే లొల్లి పెట్టుకుంటున్నరట.”

మధుసూదన్‌కు నవ్వు రాబోయి ఆగింది. ముప్పై ఏళ్ళ నాస్తికత్వానికి దొరికిన మొదటి గిరాకీ ఇది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఏ దిక్కుకు కూర్చోబెట్టినా నాకు అభ్యంతరం లేదని చెప్పు,” అన్నాడు. “కిటికీ మాత్రం తెరుచుకునేదై ఉండాలి, గాలి ఎటు మళ్ళిందో తెలియాలి కదా.”

రోహిణి అప్పటికే నంబరు నొక్కుతోంది.